మూడు గొట్టంగ

నీ పేరేంది? శివలీలనా.
ఎక్కినంక ఎనక టైరు మీది సీటుకు పోకు, శివలీలా.
నాలుగో వరుస, కిటికీ దిక్కు కూసో.
ఎనక కూసుంటే గుంత గుంతకు
తిన్న రొట్టె గొంతులకొచ్చి నీతోని మాట్లాడుతది.
నిమ్మకాయ పట్టు. ఐదు రూపాయలు.
కాయకే పైసలు, ముచ్చటకు గాదు.

పన్నెండేండ్లు పోయిన నేను గీ బస్సుల,
కోస్గి నుంచి బొంబాయి దాంక.
మోకాళ్ళు ఇగ వద్దన్నయి,
బస్టాండుల గంప ముంగట కూసున్న.
ఎక్కెటోళ్ళ కాళ్ళే చూస్త ముందుగాల.
కొత్త చెప్పులుంటే కొత్త మనిషి.
నీవి కొత్తయి. విప్పి సంచిల పెట్టు,
సీటు కింద ఇడిస్తే తాండూరు దాటకముందే
ఒకటి నీ తాన, ఒకటి డ్రైవర్ తాన.

పైసలన్ని ఒక్క తాన దాయకు.
కొన్ని జాకెట్ల, కొన్ని రొట్టెల మూటల.
దొంగోడు రొట్టెల మూట ముట్టడు.
ముట్టిండంటే
వానికి గూడ పని దొర్కలేదనుకో.

నీళ్ళు తాగకుంటే దిగే బాధ ఉండదంటరు ఆడోళ్ళు.
నేను గూడ గట్లనే జేసిన మూడేండ్లు,
షోలాపూర్ దవాఖానల పడ్డ.
తాగు. దిగు. ఒక్కదానివే దిగకు.
పక్క సీటామె పేరు
ఎలుగుండంగనే అడిగి పెట్టుకో.

దాబ కాడ బస్సులన్ని ఒక్క తల్లి పిల్లలు.
పది దాంక సదివినవా? మంచిదే,
నిద్ర కండ్లకు అక్షరం ఆనదు.
కిటికీ కడ్డికి నీ రిబ్బను కట్టు.

నేను కట్టని రాత్రి ఒకటున్నది.
ఉమర్గ దాటినంక. యాడాదిన్నర పిలగాడు సీట్ల పండుకున్నడు.
చీకట్లకు పోయి వచ్చేసరికి
బస్సు జాగల నూనె మరక.
అర్శిన. ఏ భాషల అర్శిన్నో తెల్వదు.
లోపల ఎవరో ఒకామె పిలగాని పక్కన జాగ చూసి
తాపీ తీసి డ్రైవర్ ఎనక రేకు మీద కొట్టిందట,
తల్లి దిగింది, తల్లి దిగింది అనుకుంట.
మలుపుకోకుంటనే వచ్చింది బస్సు, ఎనకకెనకకు.
ఎర్ర లైట్లు చిన్నగయ్యేది అందరు చూస్తరు.
పెద్దగయ్యేది నేను చూసిన.
ఆమె పేరు ఇప్పటికీ తెల్వదు.
అందుకే అడుగుమంటున్న.

ఇంకొకటి, అసలుది.
రాత్రి మూడు గొట్టంగ బస్సు మొత్తం పండుకుంటది,
గురకలు, సున్నం చేతుల వాసన,
ఎవరిదో ఫోను బ్యాటరీ ఒడిసిన సప్పుడు.
గప్పుడు డ్రైవర్ ఒక్కడే మేల్కొని ఉంటడు.
వానికి గూడ ఉన్నయి కండ్లే, బల్బులు గావు.

మా బస్సుల కుర్మయ్య తాత ఉండేటోడు.
ఇంజను డబ్బ మీద కూసోని
రెండెకరాల ముచ్చట చెప్పేటోడు డ్రైవర్‌కు.
మొదటి బోరు ఎన్ని ఫీట్లు పోయింది,
రెండోదాంట్ల ఎట్ల తడి మన్ను తగిలి ఆశ పెట్టింది,
మూడోది ఎట్ల దుమ్ము లేపింది.
ఏడో బోరు కాడికొచ్చేసరికి తెల్లారేది.
నవ్వేటోళ్ళం. పండనియ్యి తాతా అని తిట్టేటోళ్ళం.
నీళ్ళు పడని ఆ ఏడు బోర్ల మీదనే
యాభై మందిమి పూణె చేరేటోళ్ళమని
ఆయన పోయినంక సమజైంది.

నీకు బోర్లు లేవు. ఏదన్న అడుగు.
ఊకె మాట్లాడితే ఊ కొడుతనే నిద్రపోతడు,
జవాబు చెప్పే మాట అడుగు.
ఏ ఊరన్నా, కూర ఏం దెచ్చుకున్నవన్నా,
నీ పెండ్లికి వాన పడ్డదా అన్నా.

నాకైతే అలవాటు పోలే.
ఇంట్ల మంచం కదలదు,
అయినా మూడు గొట్టంగ మెలుకువైతది.
గోడ దిక్కు మళ్ళి అడుగుత,
నీది ఏ ఊరన్నా?
గోడ మాది కోస్గినే అంటది. పండుకుంట.

హారన్ కొట్టిండు. ఎక్కు, ఎక్కు.
ఐదొందల నోటా? నా తాన చిల్లర ఏడిది?
ఉంచుకో, వచ్చినప్పుడియ్యి.
ఐదు రూపాయలు.
మర్శిపోను నేను.